వ్యోమగాముల కార్యకలాపాల ప్రణాళిక

అంతరిక్షయాత్రలో పాల్గొనే వ్యోమగాములు ఏ సమయంలో ఏ పని చేయాలి, ఆ పనిని ఎవరు చేయాలి, ఏ పరికరం వాడాలి, ఎప్పుడు భోజనం చేయాలి, ఎప్పుడు నిద్రించాలి అన్న విషయాలను ముందుగా నిర్ణయించి, యాత్ర ముగిసేవరకు సవరిస్తూ ఉండే ప్రక్రియను వ్యోమగాముల కార్యకలాపాల ప్రణాళిక అంటారు. 1961లో 108 నిమిషాల యాత్రతో మొదలైన ఈ ప్రక్రియ, నెలల తరబడి అంతరిక్షంలో నివసించే సిబ్బంది కొరకు అనేక దేశాల నియంత్రణ కేంద్రాలు కలిసి నిర్వహించే విస్తృతమైన వ్యవస్థగా ఎదిగింది. మొదట్లో భూమిపై ఉన్నవారు రాసిచ్చిన పట్టికను వ్యోమగాములు అమలుపరచేవారు. క్రమంగా తమ సమయంపై వ్యోమగాములకు కొంత అధికారం లభించింది. ఈ మార్పులో అనేక దశలు సిబ్బంది అలసట, పొరపాట్లు, భూమితో భేదాభిప్రాయాలు నేర్పిన పాఠాల వలన వచ్చినవే.

ప్రణాళిక ఆవశ్యకత

అంతరిక్షంలో అన్నిటికంటే అరుదైన వనరులలో వ్యోమగామి సమయం ఒకటి. ఆహారం, నీరు, విడిభాగాలు రవాణా నౌకలలో మరికొన్ని పంపవచ్చును. కానీ రోజుకు ఇరవై నాలుగు గంటలకు మించి ఇవ్వడం సాధ్యం కాదు. పైగా భూమిపై సులభంగా జరిగే పనులు భారరహిత స్థితిలో ఎక్కువ సమయం తీసుకుంటాయి. ఒక మర విప్పాలన్నా ముందు కాళ్ళను ఒకచోట బిగించుకోవాలి, విప్పిన మర ఎగిరిపోకుండా భద్రపరచాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లోని శిక్షణ కేంద్రాలలో చదువుకునే విద్యార్థికి ఇచ్చే సమయపట్టికలో గంట, పాఠ్యాంశం, గది ఉంటే సరిపోతుంది. వ్యోమగామి పట్టికలో ఒక్కొక్క పనికి మనిషి, పరికరం, విద్యుత్తు, సమాచార సంబంధం, భూమిపై ఆ పని తెలిసిన నిపుణుడు అన్నీ ఒకే సమయానికి అందుబాటులో ఉండాలి. ఒకరు వ్యాయామం చేస్తుంటే కలిగే ప్రకంపనలు పక్కనున్న సున్నితమైన ప్రయోగాన్ని చెడగొట్టవచ్చును. భోజనమైన వెంటనే వ్యాయామం పెట్టరాదు. కొన్ని పనులు ఉపగ్రహాల ద్వారా భూమితో సంబంధం ఉన్నప్పుడే చేయాలి.

కక్ష్యావేగం మరొక పరిమితి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.66 కిలోమీటర్ల వేగంతో, దాదాపు 93 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. హైదరాబాదులో ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు ఉన్న దూరాన్ని అది ఒక సెకనులోపే దాటుతుంది. ఎల్.బి.నగర్ నుండి మియాపూర్ వరకు దాదాపు 29 కిలోమీటర్ల మెట్రో మార్గమంతటినీ దాటడానికి సుమారు 4 సెకన్లు పడుతుంది. కనుక భూమిపై ఒక ప్రదేశాన్ని ఫోటో తీయవలసి ఉంటే, కేంద్రం ఆ ప్రదేశం మీదుగా వెళ్ళే కొద్ది నిమిషాలలోనే, అదీ అక్కడ పగలుగా ఉండి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే తీయాలి. ఆ సమయానికి వ్యోమగామి వేరే పనిలో ఉంటే అవకాశం చేజారిపోతుంది.

చరిత్ర

తొలి యాత్రలు

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ వోస్తోక్-1లో చేసిన యాత్రలో ప్రణాళిక అంతా యంత్రాల చేతిలోనే ఉన్నది. భారరహిత స్థితిలో మనిషి ఎలా ప్రవర్తిస్తాడో తెలియనందున నౌక నియంత్రణలను తాళం వేసి, అత్యవసరమైతే తెరుచుకోవడానికి సంకేత సంఖ్యను ఒక కవరులో ఉంచారు. అదే సంవత్సరం ఆగస్టులో గెర్మన్ తితోవ్ వోస్తోక్-2లో ఒక రోజుకు పైగా గడిపి, అంతరిక్షంలో నిద్రించిన మొదటి మానవుడయ్యాడు. నిద్ర ప్రణాళికలో భాగం కావడం దీనితోనే మొదలైంది.

1962 మే 24న అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ అరోరా-7లో మూడుసార్లు భూమిని చుట్టాడు. ఆ స్వల్ప సమయంలోనే అనేక పరిశీలనలు, ప్రయోగాలు ఇమిడ్చారు. వాటిలో నిమగ్నమైన కార్పెంటర్ తిరుగు ప్రయాణపు సన్నాహాలలో వెనుకబడ్డాడు. నౌక దిశ తప్పి ఉండడం, వేగం తగ్గించే రాకెట్లు సుమారు మూడు సెకన్లు ఆలస్యంగా మండడం మొదలైన కారణాల వలన నౌక అనుకున్న చోటికి దాదాపు 400 కిలోమీటర్ల అవతల సముద్రంలో దిగింది. అంతరిక్షంలో కొద్ది సెకన్ల ఆలస్యం భూమిపై ఎంత దూరమవుతుందో ఈ సంఘటన చూపింది.

తరువాతి జెమిని యాత్రలలో ఇద్దరేసి వ్యోమగాములు వెళ్ళారు. ఒకరు మేలుకొని ఉండగా మరొకరు నిద్రించాలన్న పద్ధతి మొదట అనుసరించారు. కానీ ఇరుకైన గదిలో ఒకరి పనుల చప్పుడు, రేడియో సంభాషణ రెండవవారిని నిద్రపోనీయలేదు. అందువలన 1965 డిసెంబరులో ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లోవెల్ 14 రోజులు గడిపిన జెమిని-7 యాత్రలో ఇద్దరూ ఒకేసారి నిద్రించే ఏర్పాటు చేశారు.

అపోలో యాత్రలు

అపోలో కాలంలో ప్రణాళిక ముద్రిత గ్రంథ రూపం దాల్చింది. యాత్ర ప్రారంభం నుండి గడిచిన గంటలు, నిమిషాల ప్రకారం పనులన్నీ అందులో వరుసగా ఉండేవి. చంద్రునిపై నడిచే వ్యోమగాములు అపోలో-12 నుండి మణికట్టుకు కట్టుకునే చిన్న పుస్తకంలో పనుల జాబితా ఉంచుకునేవారు.

1968 అక్టోబరులో జరిగిన అపోలో-7 యాత్రలో నాయకుడు వాలీ షిర్రా జలుబుతో బాధపడ్డాడు. యాత్ర మధ్యలో కొత్త పనులు చేర్చడాన్ని వ్యతిరేకించి, మొదటి టెలివిజన్ ప్రసారాన్ని వాయిదా వేయించాడు. ప్రణాళికను మార్చే అధికారం నౌకలో ఉన్నవారిదా, భూమిపై ఉన్నవారిదా అన్న ప్రశ్న అప్పుడు బహిరంగంగా వినిపించింది.

1969 జూలై 20న అపోలో-11 చంద్రునిపై దిగినప్పుడు దీనికి భిన్నమైన ఉదాహరణ కనిపిస్తుంది. ప్రణాళిక ప్రకారం దిగిన తరువాత వ్యోమగాములు కొన్ని గంటలు విశ్రాంతి తీసుకోవాలి. ఆ స్థితిలో నిద్ర పట్టదని భావించిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ ముందుగానే బయటికి వెళ్ళడానికి అనుమతి కోరగా, హ్యూస్టన్ నియంత్రణ కేంద్రం వెంటనే అంగీకరించింది.

స్కైలాబ్ నేర్పిన పాఠం

1973లో అమెరికా ప్రయోగించిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో మూడు బృందాలు వరుసగా 28, 59, 84 రోజులు గడిపాయి. కొన్ని రోజుల యాత్రకు, కొన్ని నెలల నివాసానికి మధ్యనున్న తేడా ప్రణాళికా నిపుణులకు తెలియవచ్చింది ఇక్కడే.

రెండవ బృందం అనుకున్నదానికంటే ఎక్కువ పని చేసింది. 1973 నవంబరు 16న బయలుదేరిన మూడవ బృందానికి మొదటి రోజు నుండే అటువంటి వేగంతో పనులు కేటాయించారు. జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ ముగ్గురికీ అదే మొదటి అంతరిక్షయాత్ర. శరీరం కొత్త స్థితికి అలవాటు పడడానికి, ఒక పని ముగించి సామగ్రి సర్ది మరొక చోటికి వెళ్ళడానికి తగిన సమయం పట్టికలో లేదు. ప్రతి ఉదయం టెలిప్రింటరుపై పొడవైన ఆదేశాలు వచ్చేవి. ఒక పనిలో ఆలస్యం తరువాతి పనులన్నిటినీ వెనుకకు నెట్టేది. ఆ తొందరలో పొరపాట్లు జరిగేవి. వ్యోమగాములు భోజన, విశ్రాంతి సమయాలలో కూడా పనిచేయవలసి వచ్చింది.

డిసెంబరు 30న సిబ్బందికి, భూమిపై ఉన్న అధికారులకు మధ్య రేడియోలో సుదీర్ఘమైన, నిర్మొహమాటమైన సంభాషణ జరిగింది. దాని తరువాత చేసిన మార్పులు ముఖ్యమైనవి. భోజన సమయంలోను, సాయంత్రపు విశ్రాంతి సమయంలోను పనులు పెట్టడం మానివేశారు. నిర్ణీత సమయం అవసరం లేని పనులను ఒక విడి జాబితాగా ఇచ్చి, వీలున్నప్పుడు చేసుకునే స్వేచ్ఛ సిబ్బందికి వదిలివేశారు. దీనితో పని మెరుగుపడింది. యాత్ర ముగిసేసరికి బృందం అనుకున్న లక్ష్యాలను మించింది.

ఈ యాత్రలో వ్యోమగాములు "సమ్మె" చేశారన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉన్నది. రేడియో అమరికలో జరిగిన పొరపాటు వలన కొంతసేపు భూమితో సంబంధం తెగిపోయిందని, సమ్మె ఏదీ జరగలేదని గిబ్సన్ తరువాతి కాలంలో వివరించాడు.

సోవియట్ కేంద్రాలు - రాకేశ్ శర్మ యాత్ర

సోవియట్ యూనియన్ సల్యూట్-6 (1977), సల్యూట్-7 (1982) కేంద్రాలలో సుదీర్ఘ నివాసాలను క్రమబద్ధం చేసింది. సిబ్బంది దినచర్యను మాస్కో కాలమానానికి ముడిపెట్టారు. వారాంతపు విశ్రాంతి, కుటుంబంతో సంభాషణలు, రవాణా నౌకలలో వచ్చే ఉత్తరాలు కూడా ప్రణాళికలో భాగాలయ్యాయి.

భారతదేశపు మొదటి వ్యోమగామి రాకేశ్ శర్మ ఈ వ్యవస్థలోనే పనిచేశాడు. పాటియాలాలో జన్మించిన శర్మ హైదరాబాదులోని సెయింట్ జార్జ్ గ్రామర్ పాఠశాలలోను, నిజాం కళాశాలలోను చదువుకున్నాడు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో యూరీ మాలిషెవ్, గెన్నాది స్త్రెకలోవ్‌లతో కలిసి బైకనూర్ నుండి బయలుదేరి, ఏప్రిల్ 11న భూమికి తిరిగివచ్చాడు. యాత్ర మొత్తం 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. అప్పటికే సల్యూట్-7లో ముగ్గురు దీర్ఘకాలిక నివాసులు ఉన్నారు. కొద్దికాలం మొత్తం ఆరుగురు ఆ కేంద్రంలో కలిసి ఉన్నారు.

శర్మ కార్యక్రమంలో మూడు రకాల పనులు ఉన్నాయి. భారత భూభాగాన్ని ఫోటోలు తీయడం కక్ష్యకు, పగటి వెలుగుకు కట్టుబడిన పని. పదార్థాలను కరిగించి ఘనీభవింపజేసే ప్రయోగాలు కొలిమి నడిచే సమయానికి కట్టుబడినవి. భారరహిత స్థితిలో శరీరంపై యోగాసనాల ప్రభావాన్ని పరిశీలించే వైద్యప్రయోగాలు ప్రతిరోజూ క్రమం తప్పకుండా చేయవలసినవి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీతో జరిగిన ప్రసిద్ధ టెలివిజన్ సంభాషణ కూడా ఈ పట్టికలో ఇమడవలసినదే. స్వల్పకాలపు అతిథికి ప్రతి గంటా విలువైనది. అదే కేంద్రంలో నెలల తరబడి ఉన్న ఆతిథేయుల దినచర్య చెదరకుండా అతిథి పనులు పూర్తి చేయించడం ప్రణాళికకు పరీక్ష.

స్పేస్ షటిల్ మరియు మీర్

అమెరికా స్పేస్ షటిల్ యాత్రలు సాధారణంగా ఒకటి రెండు వారాలలో ముగిసేవి. అందువలన ఒక్క గంట కూడా వృథా కాని విధంగా ముందుగానే వివరమైన ప్రణాళిక రాసి, ప్రతి ఉదయం ఆనాటి సవరణలను నౌకకు పంపేవారు. ప్రయోగశాల యాత్రలలో సిబ్బందిని రెండు జట్లుగా విభజించి, ఇరవై నాలుగు గంటలూ పని జరిగేటట్లు చూసేవారు. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా ఎస్.టి.ఎస్-107 యాత్రలో కల్పనా చావ్లా ఎర్ర జట్టులో ఉన్నది. నీలి జట్టు నిద్రించే సమయంలో ఎర్ర జట్టు పనిచేసేది. ఈ విధంగా 16 రోజులలో సుమారు 80 ప్రయోగాలు నిర్వహించారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక విచ్ఛిన్నమై ఏడుగురూ మరణించారు. ప్రమాదానికి కారణం ప్రయోగ సమయంలో రెక్కకు తగిలిన దెబ్బ.

రష్యా కేంద్రం మీర్‌లో 1997 జూన్ 25న ప్రోగ్రెస్ రవాణా నౌకను చేతితో నడిపి అనుసంధానించే పరీక్ష జరుగుతుండగా అది కేంద్రాన్ని ఢీకొన్నది. ఒక విభాగం నుండి గాలి బయటికి పోవడంతో దానిని మూసివేయవలసి వచ్చింది. దీనికి అనేక కారణాలుండగా, సిబ్బంది అలసటను కూడా నిపుణులు వాటిలో ఒకటిగా పేర్కొన్నారు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం

2000 నవంబరు 2 నుండి ఈ కేంద్రంలో మానవులు నిరంతరంగా నివసిస్తున్నారు. ఇక్కడ గ్రీనిచ్ కాలమానం పాటిస్తారు. హ్యూస్టన్, హంట్స్‌విల్, మాస్కో, జర్మనీలోని ఒబర్‌ఫాఫెన్‌హోఫెన్, జపాన్‌లోని త్సుకుబాలలోని కేంద్రాలు కలిసి ప్రణాళిక తయారుచేస్తాయి. కొలంబియా ప్రమాదం తరువాత సిబ్బందిని ఇద్దరికి తగ్గించినప్పుడు వారి సమయంలో ఎక్కువ భాగం కేంద్రం నిర్వహణకే సరిపోయేది. 2009లో సిబ్బంది ఆరుగురికి పెరిగిన తరువాతనే పరిశోధనకు తగినంత సమయం లభించింది.

ప్రణాళిక తయారయ్యే విధానం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ప్రణాళిక పలు అంచెలుగా తయారవుతుంది.

• దీర్ఘకాలిక ప్రణాళిక: కొన్ని నెలల కాలానికి నౌకల రాకపోకలు, అంతరిక్ష నడకలు, ప్రధాన ప్రయోగాలను నిర్ణయిస్తారు.
• వారపు ప్రణాళిక: రాబోయే వారంలో ఏ రోజు ఏ పనులు జరగాలో, ఎవరు చేయాలో కేటాయిస్తారు.
• దినప్రణాళిక: నిమిషాల వివరాలతో, ఒక్కొక్క వ్యోమగామికి ఒక్కొక్క వరుసగా తయారవుతుంది. రష్యా విభాగంలో దీనిని "ఫారం 24" అంటారు.
• తక్షణ సవరణ: పరికరం చెడిపోయినా, పని ఆలస్యమైనా నియంత్రణ కేంద్రంలోని నిపుణులు అప్పటికప్పుడు పట్టికను మారుస్తారు.

వ్యోమగాములు దినప్రణాళికను కంప్యూటరు తెరపై చూస్తారు. ప్రస్తుత సమయాన్ని చూపే ఒక ఎర్ర గీత పట్టికపై ఎడమ నుండి కుడికి కదులుతూ ఉంటుంది. గీత దాటిన పని ఇంకా పూర్తి కాకపోతే వ్యోమగామి వెనుకబడినట్లే. స్కైలాబ్ అనుభవం నుండి వచ్చిన విడి జాబితా పద్ధతి ఇక్కడ కూడా అమలులో ఉన్నది.

సాధారణ దినచర్య

పని దినంలో సమయ విభజన స్థూలంగా ఈ క్రింది విధంగా ఉంటుంది:

• నిద్ర - సుమారు 8.5 గంటలు
• మేల్కొన్న తరువాత అల్పాహారం, శుభ్రత - సుమారు 1.5 గంటలు
• ప్రయోగాలు, నిర్వహణ పనులు - సుమారు 6.5 గంటలు
• వ్యాయామం, దాని సన్నాహాలు - సుమారు 2.5 గంటలు
• మధ్యాహ్న భోజనం - 1 గంట
• మిగిలిన సమయం - ఉదయం, సాయంత్రం భూమితో సమావేశాలు, పని సన్నాహాలు, రాత్రి భోజనం, విరామం

భారరహిత స్థితిలో ఎముకలు, కండరాలు బలహీనపడతాయి గనుక వ్యాయామాన్ని తగ్గించడానికి సాధారణంగా అంగీకరించరు. శనివారం కేంద్రాన్ని శుభ్రపరుస్తారు, ఆదివారం విశ్రాంతి. వారానికొకసారి కుటుంబంతో వీడియో సంభాషణకు ఏర్పాటు ఉంటుంది.

తెలుగు మూలాలు గల వ్యోమగాముల అనుభవాలు

హైదరాబాదు నుండి ఇంజనీరింగు చదువు కొరకు అమెరికా వెళ్ళిన తండ్రికి జన్మించిన రాజా చారి 2021 నవంబరులో క్రూ-3 యాత్రకు నాయకత్వం వహించి, 2022 మే వరకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గడిపాడు. ఈ బృందం చేరుకున్న కొద్ది రోజులకే, నవంబరు 15న రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ను క్షిపణితో పేల్చివేసింది. శకలాల ప్రమాదం వలన ఆనాటి పనులు పక్కనపెట్టి, కేంద్రంలోని ఏడుగురూ తమ తమ నౌకలలో తలదాచుకోవలసి వచ్చింది. నవంబరు 30న జరగవలసిన అంతరిక్ష నడక కూడా శకలాల హెచ్చరిక వలన డిసెంబరు 2కు వాయిదా పడింది.

చారి 2022 మార్చి 15న, 23న రెండు అంతరిక్ష నడకలు చేశాడు. ఒక్కొక్కటి దాదాపు ఏడు గంటలు. నడకకు ముందు రక్తంలోని నత్రజనిని తగ్గించడానికి స్వచ్ఛమైన ప్రాణవాయువు పీల్చడం, సూటు ధరించడం, ముగిసిన తరువాత దానిని విప్పి సర్దడం కలిపితే ఆ రోజు సాధారణ పనిదినం కంటే చాలా పొడవైనది. అందువలన ముందు వెనుక రోజులను కూడా దానికి అనుగుణంగా రూపొందిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు ప్రాంతంలో జన్మించిన బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ-22లో ప్రయాణించింది. కక్ష్యలోకి వెళ్ళని ఈ యాత్రలో భారరహిత స్థితి కొద్ది నిమిషాలు మాత్రమే ఉంటుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మొక్కల ప్రయోగంలో ఆమె చేతిలోని నాళికలను యాత్రలోని వేర్వేరు దశలలో తెరవవలసి ఉన్నది. ఇటువంటి యాత్రలో ప్రణాళికకు కొలమానం గంట కాదు, సెకను.

నిద్ర, అలసట

ప్రణాళికలో రాసినదానికి, జరిగేదానికి మధ్య అంతరం నిద్ర విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో షటిల్ వ్యోమగాములు, అంతరిక్ష కేంద్ర నివాసులు 8.5 గంటలు కేటాయించినప్పటికీ సగటున రాత్రికి సుమారు ఆరు గంటలే నిద్రించినట్లు తేలింది. అధ్యయనంలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది యాత్రలో నిద్రమాత్రలు వాడారు. చప్పుడు, రోజుకు సుమారు పదహారు సూర్యోదయాలు, నౌకల రాకపోకల కొరకు నిద్రవేళలను హఠాత్తుగా జరపడం ఇందుకు దోహదం చేస్తాయి. పట్టికలో ఖాళీ చూపినంత మాత్రాన విశ్రాంతి లభించదని, అలసిన మనిషి చేసే పొరపాటు అందరి ప్రాణాలకు ముప్పు కాగలదని ఈ అనుభవాలు తెలుపుతున్నాయి.

స్వయం ప్రణాళిక దిశగా

అంగారక గ్రహం నుండి రేడియో సంకేతం భూమికి చేరడానికి గ్రహాల స్థానాన్ని బట్టి సుమారు 3 నుండి 22 నిమిషాలు పడుతుంది. ప్రశ్నకు జవాబు రావడానికి నలభై నిమిషాలు దాటవచ్చును. అప్పుడు ప్రతి మార్పుకూ భూమి అనుమతి కోసం వేచి ఉండడం సాధ్యం కాదు. ఈ దృష్టితో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం "ప్లేబుక్" అనే సాధనాన్ని తయారుచేసింది. దీనిలో వ్యోమగాములు తమ పనులను తామే తెరపై జరుపుకోవచ్చును. నియమాలకు విరుద్ధమైతే సాధనం హెచ్చరిస్తుంది. భూమిపై జరిపే అనుకరణ యాత్రలలో దీనిని పరీక్షించారు. వ్యోమగాములు స్వయంగా పట్టిక రాసుకునే పరీక్షలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా జరిగాయి.

2010-11లో మాస్కోలో ఆరుగురు 520 రోజులు గడిపిన మార్స్-500, 2023-24లో హ్యూస్టన్‌లో నలుగురు 378 రోజులు గడిపిన చాపియా అనుకరణలలో ఆలస్యపు సంభాషణ మధ్య సిబ్బంది తమ జీవితాన్ని ఎలా నడుపుకుంటారో పరిశీలించారు.

భారతదేశం

2025 జూన్ 25న ఆక్సియం-4 యాత్రలో బయలుదేరిన శుభాంశు శుక్లా మరుసటి రోజు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకొని, జూలై 15న భూమికి తిరిగివచ్చాడు. 14 రోజుల వరకు అనుకున్న నివాసం సుమారు 18 రోజులకు పెరిగింది. పెసలు, మెంతులు మొలకెత్తించడం, సూక్ష్మశైవలాలు, కండర కణాల పరిశీలన మొదలైన ఏడు భారతీయ ప్రయోగాలు అతని కార్యక్రమంలో ఉన్నాయి. మొలకలు మనిషి వీలు కోసం ఆగవు గనుక, వాటిని సరైన రోజున ఫోటో తీసి శీతలపేటికలో భద్రపరచడం ప్రణాళికలో స్థిరమైన అంశం.

2018లో ప్రకటించిన గగన్‌యాన్ కార్యక్రమం క్రింద ముగ్గురు సభ్యుల బృందాన్ని సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు గల కక్ష్యలోకి మూడు రోజుల యాత్రకు పంపాలన్నది ఇస్రో లక్ష్యం. ప్రయోగస్థలం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట. నౌక నుండి సిబ్బందిని కాపాడే వ్యవస్థకు మొదటి పరీక్ష టి.వి-డి1 ఇక్కడి నుండే 2023 అక్టోబరు 21న విజయవంతంగా జరిగింది. అంతరిక్షానికి చేరినవారిలో చాలామందికి మొదటి రెండు మూడు రోజులు వికారం, తలతిరుగుడు ఉంటాయి. మూడు రోజుల యాత్ర దాదాపు అంతా ఈ కాలంలోనే గడుస్తుంది. కనుక మొదటి గంటల నుండే పట్టికను నింపివేయరాదన్న స్కైలాబ్ పాఠం స్వల్పకాలపు యాత్రలకు కూడా వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

• రాకేశ్ శర్మ
• రాజా చారి
• బండ్ల శిరీష
• స్కైలాబ్
• అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం
• గగన్‌యాన్
• సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం